ఇంటిలోని గాలి – శుద్ధియంత్రముల ఎన్నిక

త్రాగెడి నీటిని వడగట్టుకొనుట, బియ్యములో రాళ్లేరుట, పిండిని జల్లించుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న అలవాట్లు. నోటిలోనికి పోవు ప్రతి వస్తువును ఒకసారి చూచి గాని మన గృహిణులు వడ్డింపరు. ముక్కుద్వారా లోనికి పోవు గాలిని గూర్చి మాత్రము మన కింత శ్రద్ధ యెన్నడును లేదు. మనిషి దినమునకు రెండు మూడు లీటర్ల నీరు త్రాగును. గాలిని పదివేల లీటర్లకు పైబడి పీల్చును. నీరు మురికిగా నున్నచో పారబోసి వేరు నీరు తెచ్చుకొనవచ్చును. గాలి విషయములో అట్టి వెసులుబాటు లేదు. ఎదుట ఏది యున్న దానినే పీల్చవలెను.

ఇటీవల తిరుపతి, చిత్తూరు పట్టణముల అంగళ్లలో సైతము గాలిని శుద్ధిచేయు యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. ఉబ్బసముతో బాధపడు బిడ్డ ఉన్న ఇంటను, నాలుగడుగులు వేయగనే ఆయాసపడు పెద్దలున్న ఇంటను, "ఇట్టి యంత్రమొకటి కొనవలెనా?" అను ప్రశ్న పుట్టుచున్నది. వేల రూపాయల వ్యయముతో కూడిన ప్రశ్న గనుక దీనికి తొందరపడి సమాధానము చెప్పరాదు. మొదట మన ఊరి గాలి యెట్టిదో, పిదప మన ఇంటి గాలి యెట్టిదో తెలిసికొని, ఆ తరువాతనే యంత్రము కడకు పోవుట మంచిదని మా అభిప్రాయము. ఈ ప్రసంగము కూడ ఆ వరుసలోనే నడచును.

గాలిలో హానికరమైన వస్తువులు పెక్కు గలవు. అందు ముఖ్యమైనది సూక్ష్మధూళి. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువులను శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని వ్యవహరింతురు. తలవెంట్రుక మందములో ఇది సుమారు ముప్పదవ వంతు. బండి పోయినపుడు కంటబడు ఎర్రదుమ్ము ముక్కులోను గొంతులోను చాల వరకు చిక్కుకొనును. తుమ్మో దగ్గో దానిని బయటికి నెట్టును. కంటికి కానరాని ఈ సూక్ష్మధూళి ఊపిరితిత్తుల అడుగువరకు పోయి, కొంత రక్తములో సైతము చేరును. ఉబ్బసమును రేపుటయే కాక గుండెజబ్బులకును ఇది కారణమగుచున్నది.

దీనికి మన దేశము 2009లో ఒక హద్దు నిర్ణయించినది. ఘనమీటరు గాలిలో ఈ ధూళి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములకును, ఒక్క దినపు సగటున 60 మైక్రోగ్రాములకును మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన హద్దు ఇంకను కఠినము: ఏడాదికి 5, దినమునకు 15. అనగా మన లెక్కలో "ఫరవాలేదు" అనిపించుకొన్న గాలి సైతము పసిపిల్లలకు, రోగులకు పూర్తిగా క్షేమకరమని చెప్పుటకు వీలులేదు.

మన ప్రాంతము ఢిల్లీవంటిది కాదు. అచ్చటి శీతకాలపు పొగమంచును చూచి మనము భయపడి యంత్రములు కొననక్కరలేదు. అట్లని మన గాలికి వంక లేదనియు అనరాదు. కేంద్రప్రభుత్వము 2019 జనవరిలో జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ఆరంభించినది. గాలి నిర్ణీత ప్రమాణమును అందుకొనలేని నగరముల పట్టికలో ఆంధ్రప్రదేశ్‌నుండి చేరిన 13 పట్టణములలో చిత్తూరు ఒకటి. తిరుపతి ఆ పట్టికలో లేదు. కొండలు, అడవి ఒక ప్రక్క నున్న తిరుపతికి యాత్రికుల వాహనముల రద్దీ మరియొక ప్రక్క నున్నది. తిరుమల కనుమదారిలో 2022నుండి విద్యుత్తుతో నడచు బస్సులు తిరుగుచుండుట ఈ దిశలో ఒక మంచి అడుగు. చిత్తూరు వైపున రాతి గనులు, గ్రానైటు పలకలను కోసి నునుపు చేయు పనులు ఉన్నవి. మెట్టనేలల దుమ్ము సరేసరి.

తిరుపతికి సమీపమున గాదంకి గ్రామమున జాతీయ వాతావరణ పరిశోధనాశాల గలదు. 1992లో ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రముగా వెలసిన ఈ సంస్థ 2005లో ఇప్పటి పేరు ధరించినది. రాడారుతోను, లేసరు కిరణములతోను అచ్చటి శాస్త్రజ్ఞులు పైగాలులను, మేఘములను, గాలిలో తేలు ధూళిని పరిశోధించుచున్నారు. మన ఇరుగుపొరుగున జరుగుచున్న ఇట్టి పరిశోధనలవలన తేటపడు విషయమొకటి గృహస్థులకు మిక్కిలి ఉపయోగకరమైనది. అది గాలి "పైకప్పు" సంగతి.

పగటివేళ ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేచును. నేలనుండి పుట్టిన పొగయు దుమ్మును ఆ గాలితో కలిసి కిలోమీటరు, అంతకు మించిన ఎత్తు వరకు విరివిగా వ్యాపించును. రాత్రి నేల చల్లబడిన కొలది ఆ పైకప్పు క్రిందికి దిగివచ్చును. పొగ అంతే యైనను దానిని ఇముడ్చుకొను పాత్ర చిన్నదగును. అందువలననే వేకువను, మరల ప్రొద్దుగ్రుంకిన పిదపను పొయ్యిపొగ, బండ్లపొగ, చెత్త తగులబెట్టిన పొగ వీధులలో నిలిచిపోవును. శీతకాలములో ఈ బాధ అధికము. వానలు గాలిని కడిగివేయును. మన వైపు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియు రోజులలో గాలి తేటపడుట అందరకును అనుభవమే.

కావున కిటికీలు తెరచుటకును వేళ యున్నది. రద్దీదారికి దాపుననున్న ఇండ్లవారు తెల్లవారకమున్నే వీధి కిటికీలు బార్లా తెరచుట మంచి గాలి కొరకే యని తలచుట పొరపాటు. ప్రొద్దెక్కి, ఉదయపు రద్దీ తగ్గిన తరువాత తెరచి, చీకటిపడు వేళకు వీధి ప్రక్కవి మూసి, పెరటి ప్రక్కవి తెరచియుంచుట మేలు. ఇందులకు దమ్మిడీ ఖర్చు లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి "సమీర్" అను సాధనమును సెల్‌ఫోనులో ఉంచుకొన్నచో తిరుపతి, చిత్తూరులలోని కొలత కేంద్రముల అంకెలు తెలియును. ఆ సూచిక 50 లోపు ఉన్న మంచి గాలి. 100 వరకు తృప్తికరము. 200 వరకు మధ్యరకము. 200 దాటిన చెడుగాలి. ఉబ్బసము గలవారు 100 దాటిన నాడే జాగ్రత్త పడవలెను.

ఏడాదిలో కొన్ని దినములు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినవి. దీపావళి రాత్రి ఒకటి. భోగినాటి వేకువ రెండవది: పాత కట్టెలతోపాటు టైర్లు, ప్లాస్టిక్కు సామానులు మంటలో వేయుట ఈ మధ్య వచ్చిన చెడ్డ అలవాటు, పైకప్పు దిగియున్న ఆ చలివేళ ఆ పొగ పోవుటకు దారి లేదు. మూడవది వేసవిలో అడవి అంటుకొను రోజులు. 2014 మార్చిలో శేషాచలపు అడవులలో రేగిన మంటలను ఆర్పుటకు వైమానిక దళపు హెలికాప్టర్లు రావలసివచ్చిన సంగతి పలువురకు జ్ఞాపకముండును. ఇట్టి దినములలో గాలి బయటనుండి చెడివచ్చును గనుక తలుపులు మూసికొనుటయే యుక్తము.

ఇక ఇంటిలోనికి పోదము. బయటిగాలి కన్న ఇంటిగాలి శుభ్రమైనదని మన నమ్మకము. పెక్కు ఇండ్లలో ఇది తారుమారుగా నుండును. దానికి కారణము ఇంటిలోనే పుట్టు పొగ. అందు మొదట చెప్పవలసినది దోమల చుట్ట. రాత్రియంతయు మూసిన గదిలో, మంచము క్రిందనే అది కాలుచుండును. ఒక చుట్ట పూర్తిగా కాలినపుడు వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 వరకు సిగరెట్లు కాల్చిన దానితో సమానమని 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. మన ఇంట ఎవరును సిగరెట్టు ముట్టరని సంతోషించుచు, పసిబిడ్డ ప్రక్కన దోమల చుట్ట వెలిగించుట ఎంత విపరీతము! దోమతెర కట్టుట, కిటికీలకు వలలు బిగించుట దీనికి మందు.

రెండవది సాంబ్రాణి. తలంటుపోసిన పసిబిడ్డకు కుంపటిమీద సాంబ్రాణి వేసి పొగ పట్టుట మన వైపు వాడుక. ఆ పరిమళము ప్రియమైనదే. పెద్దల వాత్సల్యమును శంకింపరానిదే. కాని నిప్పులనుండి పుట్టు పొగ బిడ్డ లేత ఊపిరితిత్తులకు భారము. బిడ్డ తలను మెత్తని పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన చాలును. దేవుని మందిరమున అగరువత్తులు గుప్పెడు వెలిగించుటకు బదులు ఒకటి వెలిగించి, కిటికీ తీసియుంచిన భక్తికి లోటు రాదు.

మూడవది వంట. 1999లో ఉమ్మడి రాష్ట్రములో వచ్చిన దీపం పథకము మొదలుగా గ్యాసు పొయ్యిలు చాల ఇండ్లకు చేరి, ఆడవారి కండ్లకు కట్టెపొగ బాధ తగ్గినది. ఇప్పటికిని నీళ్లు కాచుటకు పెరటిలో కట్టెలపొయ్యి రాజేయు ఇండ్లు కలవు. అట్టి పొయ్యి కిటికీకి దూరముగా నుండవలెను. గ్యాసు పొయ్యిమీద కూడ మిరపకాయల పోపు, నూనెలో వేపుడు చేయునపుడు సూక్ష్మధూళి విపరీతముగా లేచును. గాలిని బయటికి తోలు ఫ్యాను ఒకటి వంటగది గోడకు బిగించుట, శుద్ధియంత్రము కన్న చాల తక్కువ ఖర్చు. కాని వంటగదిలో దాని ఫలము ఎక్కువ. నాలుగవది ఊడ్పు. పొడి చీపురుతో ఊడ్చిన దుమ్ము గంటల తరబడి గాలిలో తేలును. వాకిట కళ్లాపి చల్లి ఊడ్చుటలో మన పెద్దలు ఎరిగిన సూక్ష్మమే ఇంటిలోపలికిని వర్తించును: తడిగుడ్డతో తుడుచుట శ్రేష్ఠము.

ఇవన్నియు చేసిన పిదపను ఇంట ఉబ్బసరోగియో, వృద్ధులో, నెలల బిడ్డయో ఉన్నచో, లేక ఇల్లు రద్దీదారి మీదనో రాతి పనులకు దాపుననో ఉన్నచో, యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును.

ఆ యంత్రము పని సులభముగా తెలియదగినదే. ఒక ఫ్యాను గదిలోని గాలిని లోనికి లాగి, ఒక ఫిల్టరు గుండ పంపి, మరల గదిలోనికి వదలును. ప్రాణమంతయు ఆ ఫిల్టరులోనే యున్నది. దానిని హెపా ఫిల్టరు అందురు. 1940 ప్రాంతములలో అమెరికాలో అణుశక్తి పరిశోధనల సందర్భమున రేడియోధార్మిక ధూళిని అరికట్టుటకై ఈ రకము ఫిల్టర్లు రూపొందినవి. సన్నని నారపోగులను చిక్కుగా పేర్చి, విసనకర్రవలె మడతలు మడతలుగా అమర్తురు. ఇది జల్లెడవంటి దనుకొనరాదు. జల్లెడలో కన్ను కన్న చిన్నవస్తువు జారిపోవును. హెపాలో మిక్కిలి చిన్న రేణువులు గాలి అణువుల తాకిడికి అటునిటు కొట్టుకొనుచు పోగులకు అంటుకొనును. పెద్దరేణువులు గాలితోపాటు మలుపు తిరుగలేక పోగులను గ్రుద్దుకొనును. రెంటికిని నడిమివైన 0.3 మైక్రాను రేణువులను పట్టుటయే కష్టము. అందుకే పరీక్ష ఆ పరిమాణముమీద జరుపుదురు. అట్టి రేణువులలో నూటికి 99.97 వంతులు పట్టునదే హెపా యని అమెరికావారి నియమము, ఐరోపావారి హెచ్.13 తరగతి ఇంచుమించు దానికి సమానము. డబ్బామీద "హెపా తరహా", "హెపావంటిది" అని వ్రాసినచో అది హెపా కాదని తెలియవలెను.

హెపా పట్టునది ధూళిని, పొగరేణువులను, పుప్పొడిని. వాయువులను అది పట్టజాలదు. వాసనలకొరకు కొన్ని యంత్రములలో బొగ్గుపొర ఉంచుదురు. పలుచని గుడ్డకు పూసిన బొగ్గు కొలది వారములలోనే నిండిపోవును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నిప్పుల కుంపటినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషవాయువు. హెపా గాని, బొగ్గుపొర గాని దానిని ఆపలేవు. బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టి, యంత్రము నడచుచున్నది గదా యని ధైర్యపడుట ప్రాణాపాయము.

యంత్రమును ఎన్నుకొనుటలో మొదట చూడవలసిన అంకె సి.ఏ.డి.ఆర్. అనునది. గంటకు ఎన్ని ఘనమీటర్ల శుభ్రమైన గాలిని యంత్రము ఇయ్యగలదో ఇది తెలుపును. దీనిని మన గదితో సరిపోల్చుకొనుట చిన్న లెక్క. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తు గల పడకగదిలో 1,200 ఘనపుటడుగుల, అనగా సుమారు 34 ఘనమీటర్ల గాలి ఉండును. గంటకు ఐదుసార్లు ఆ గాలియంతయు శుద్ధి కావలెనన్నచో 34ను 5తో హెచ్చవేయగా 170 వచ్చును. ఈ అంకె యంత్రము అత్యంత వేగముగా నడచునపుడు కొలిచినది; ఆ వేగమున దాని చప్పుడుకు నిద్రపట్టదు. అందుచేత 250 ప్రాంతపు యంత్రమును కొని నడిమి వేగమున నడపుట యుక్తము. ఇరువది అడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు గల హాలుకు ఇదే లెక్కన 425 కావలెను. పడకగదికి తగిన యంత్రమును తెచ్చి హాలులో, వీధితలుపు తెరచి నడపినచో కరెంటు ఖర్చే గాని వేరు ఫలితము లేదు.

మన ప్రాంతమున అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. మన ఇండ్లు తలుపులు తీసికొని బ్రదుకు ఇండ్లు. యంత్రము మూసిన గదిలోనే పనిచేయును. తిరుపతి వేసవిలో గది మూసి కూర్చుండుట ఎవరి తరము? ఏ.సి. ఉన్నవారు దానితోపాటు నడపుకొనవచ్చును, ఏ.సి.లోని వల పెద్దదుమ్మును ఆపునే గాని సూక్ష్మధూళిని ఆపదు. ఏ.సి. లేనివారు పైఫ్యానుతో, కిటికీలు దగ్గరగా వేసికొని, ఊపిరాడునంత సందుంచి నడపవలెను. ఫలము కొంత తగ్గును గాని పోదు. కావున ఇల్లంతటికి యంత్రములు కొనుట మన వాతావరణమునకు పొసగని పని. అవసరమున్న మనిషి నిద్రించు ఒక్క గదికి ఒక్క యంత్రము చాలును. దినములో మూడవ వంతు మనిషి గడపునది ఆ గదిలోనే గదా.

రెండవది, ఫిల్టరు ధర. యంత్రము ఒకసారి కొందుము. ఫిల్టరు ఏడాదికో, దుమ్ము ఎక్కువైనచో అంతకు ముందో మార్చవలెను. అంగడివానిని మొదట అడుగవలసిన ప్రశ్న: "దీని ఫిల్టరు వెల యెంత? ఇది మూడేండ్ల తరువాత దొరకునా?" హెపా ఫిల్టరును నీటితో కడుగరాదు, కడిగిన పోగులు చెడును. దాని ముందుండు వలను మాత్రము పక్షమున కొకసారి తుడుచుకొనవలెను. మన ఎర్రదుమ్ముకు ఇది ముఖ్యము.

మూడవది, ఓజోను. "అయాను", "ప్లాస్మా" వంటి పేర్లతో అమ్ము కొన్ని యంత్రములు ఓజోను వాయువును పుట్టించును. అది ఉబ్బసమును రేపునదే గాని తగ్గించునది కాదు. మామూలు ఫ్యాను, హెపా ఫిల్టరు ఉన్న యంత్రమే చాలును. అయాను మీట ఉన్నచో దానిని ఆపివేయుటకు వీలుండవలెను.

నాలుగవది, యంత్రముమీద మెరయు అంకె. అది యంత్రము ప్రక్కన ఉన్న గాలిని కొలుచును. మంచము కడ నున్న గాలి వేరుగా నుండవచ్చును. వానకాలపు తేమలో అట్టి చిన్న సాధనములు నీటితుంపరను ధూళిగా లెక్కించి ఎక్కువ చూపును. కావున ఆ అంకె ఎంత యను దానికన్న, పెరుగుచున్నదా తరుగుచున్నదా యని చూచుట మేలు. కరెంటు ఖర్చు భయపడదగినది కాదు: 50 వాట్ల యంత్రమును రాత్రి ఎనిమిది గంటలు నడపిన నెలకు 12 యూనిట్లు అగును. యంత్రమును గోడకు ఆనించక, బీరువా వెనుక దాచక, మంచమునకు దగ్గరగా, గాలి ధారాళముగా లోనికి పోవునట్లు ఉంచవలెను.

కుండీలలో మొక్కలు పెంచిన గాలి శుభ్రపడునని ఒక మాట ప్రచారములో నున్నది. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థవారు మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగము దీనికి మూలము. ఇండ్లలో అట్టి ఫలము రావలెనన్న చదరపు మీటరునకు పది మొదలు వెయ్యి మొక్కల వరకు కావలెనని 2019లో జరిగిన పరిశీలనలో తేలినది. మొక్కలు కంటికి ఇంపు, పెంచుకొందము గాక. వానిని శుద్ధియంత్రములని మాత్రము నమ్మరాదు.

వీనినన్నిటిని మించిన మాట యొకటి. యంత్రము వైద్యమునకు బదులు కాదు. ఉబ్బసపు బిడ్డకు వైద్యుడు వ్రాసియిచ్చిన పీల్చుమందును మాని, యంత్రమును నమ్ముకొనుట ఎన్నటికిని తగదు. డబ్బు తక్కువగా నున్నపుడు మొదట మందులు. పిదప దోమతెర, కిటికీ వలలు, వంటగది ఫ్యాను. ఆ మీదట మిగిలినచో యంత్రము. ఈ వరుస తప్పరాదు.

యంత్రము కొనగలవారు తమ నాలుగు గోడల నడుమ గాలిని బాగుచేసికొందురు. వీధులూడ్చు పనివారికి, బండలు కోయు కూలీలకు, కూడలిలో నిలుచు పోలీసువానికి మూసికొనుటకు తలుపులు లేవు. మన పెరటిలో తగులబెట్టిన చెత్తపొగ మన కిటికీ మూసికొన్నను పొరుగింటి కిటికీలోనికి పోవును. అచ్చట ఒక ఉబ్బసపు బిడ్డ నిద్రించుచుండవచ్చును. ఆ చెత్తను తగులబెట్టక మునిసిపాలిటీ బండికి అందించుట రేపటి ఉదయమే మనము చేయగల పని.